మంచులో మిగిల్చిన ప్లేటు

గంజి వార్చడానికి గిన్నె మీదికి వంగేసరికి కళ్ళద్దాలు రెండూ తెల్లబడ్డాయి. పుష్యమాసపు చలికి చల్లబడ్డ అద్దం, కింద నుంచి వేడి ఆవిరి, ఇంకేం కావాలి. గిన్నె పక్కన పెట్టి బొడ్లో దోపుకున్న మెత్తటి గుడ్డ తీసి తుడుచుకున్నాను. చీర కొంగుతో తుడవను. కొంగుకు నూనె ఉంటుంది, పిండి ఉంటుంది, అద్దానికి అవి తగలకూడదు. అంతలో డాబా మీద నుంచి మనవరాలు పిలిస్తే పైకి వెళ్ళాను. తెల్లవారక ముందు నిజామాబాద్ వీధి మంచులో ఎట్లా ఉంటుందో ఫోనులో తీయాలని ఎక్కింది. ఎన్నిసార్లు తీసినా తెల్లటి గోడ తప్ప ఏమీ పడటం లేదట. ఫోను లైటు ఆర్పమన్నాను. "మంచుకు ఎదురుంగ లైటు గొడితే మంచే కనపడ్తది బిడ్డా. వెలుతురు పక్కకెళ్లి రావాలె" అన్నాను. పిల్ల నా ముఖం చూసి, మూడో తరగతితో బడి మానేసిన నీకు ఇది ఎవరు చెప్పారని అడిగింది.

చెప్పింది గఫూర్ సాబ్. ఆయన పోయి యాభై ఏళ్ళవుతోంది. ఆయనను చూసినవాళ్ళు ఇప్పుడు ఎంతమంది మిగిలారో తెలియదు. నేనున్నాను కనుక రాస్తున్నాను.

ఇరవై మూడేళ్ళు నిండకముందే నా పెనిమిటి కామెర్లతో పోయాడు. చంటిపిల్లను చంకనేసుకుని బోధన్‌లో మా చిన్నాయన ఇంటి వసారాలోకి చేరాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్ళయి ఉంటుంది. గఫూర్ సాబ్ ఫోటో స్టూడియోలో ఊడ్చి నీళ్ళు పట్టే మనిషి కావాలంటే వెళ్ళాను. బక్కపలచటి మనిషి. మందు నీళ్ళలో నాని నాని గోళ్ళు నల్లగా ఉండేవి. చలికాలం వస్తే దమ్ము లేచి ఊపిరి అందేది కాదు. గుడ్డలో వాము మూటకట్టి అస్తమానం వాసన చూస్తుండేవాడు. ఎవరినీ మెచ్చుకునే అలవాటు లేదు. నేను మొదటిరోజు స్టూడియో ఎంత శుభ్రంగా ఊడ్చానో చూసి, "దుమ్ము లేపినవ్. రేపటి సంది తడిగుడ్డ వెట్టు" అన్నాడు, అంతే. ఊళ్ళో అప్పటికే రీలు కెమెరాలు వచ్చాయి. ఆయన మాత్రం ఒక ప్లేటుకు ఒక్క ఫోటో పడే అద్దపు ప్లేట్ల పెద్ద కెమెరా వదలలేదు. రీలు మీద ముప్పై తీసేవాడికి ఒక్క ముఖం విలువ ఏం తెలుస్తుందనేవాడు.

నన్ను పెట్టుకున్నది ఊడ్చడానికి మాత్రమే కాదని నెలరోజులకు తెలిసింది. ఆ రోజుల్లో మా దిక్కు బతికుండగా ఫోటో దిగినవాళ్ళు తక్కువ. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని కొందరికి భయం, కొందరికి తీరిక లేదు. మనిషి పోయాక ఇంట్లోవాళ్ళకు మనసు కొట్టుకునేది, ఆ ముఖం ఇక కనపడదు కదా అని. అప్పుడు మమ్మల్ని పిలవడానికి స్టూడియోకు బండి పంపేవాళ్ళు. పోయిన మనిషిని వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టి, ఛాతీ చుట్టూ గుడ్డతో వెనక్కి కట్టి, కట్టు కనపడకుండా శాలువా కప్పి, దండ వేసి ఫోటో తీసేవాళ్ళం. గుడిసెల్లో చోటు ఉండదు, వెలుతురు ఉండదు, అందుకని వాకిట్లోనే. చెరుకు నరికే కాలంలోనే చావులు ఎక్కువ. కాలువల మీద నుంచి లేచిన మంచు పొద్దెక్కే దాకా విడవదు, కులపెద్దలు అందాకా ఆగరు. అందుకే మా పని ఎక్కువగా రాత్రిపూట పడేది. పోయింది ఆడమనిషి అయితే పరాయి మగవాడు ముట్టుకోకూడదు. ముఖం కడిగి, తల దువ్వి, కూర్చోబెట్టడానికి ఆడచేయి కావాలి. ఆ చేయి నాది.

మొదటిసారి చందూర్ దిక్కు ఒక ముసలమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ముసలమ్మ తల ముట్టుకోకుండా దువ్వెన పట్టుకుని నిలబడిపోతే ఆయన చూశాడు. "ఎందుకు బేటీ భయం? బతికున్నోళ్ళు కదుల్తరు. మొఖం మంచిగ రాలేదని లొల్లి చేస్తరు. గీ అవ్వ ఏమన్న అంటదా?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆ ముసలమ్మ జడ అల్లాను. ఆయన మూడు కాళ్ళ మీద కెమెరా నిలబెట్టి, నల్లగుడ్డలో తల పెట్టి చాలాసేపు చూశాడు. తరువాత పెట్రోమాక్స్ నా చేతికిచ్చాడు. దానికి ఒక పక్క రేకు వంచి కట్టి ఉంది, వెలుగు కెమెరా మీద పడకుండా. కెమెరా పక్కన నిలబడబోతే కోప్పడి, దూరంగా పక్కకు పంపాడు. అక్కడి నుంచి నెమ్మదిగా అర్ధచంద్రంలా నడవమన్నాడు. లెన్సు మూత తీసి, ఏక్, దో, తీన్ అని చాలీస్ దాకా లెక్కపెట్టాడు. నలభై లెక్కపెట్టేదాకా ఎవరూ కదలకూడదు. కానీ బతికున్నవాళ్ళు ఏడుస్తారు, చలికి వణుకుతారు. తెల్లారి ఫోటో కడిగి చూస్తే చుట్టూ నిలబడ్డ కొడుకులు, కోడళ్ళు అందరూ పొగలాగా చెదిరిపోయి ఉన్నారు. ముసలమ్మ ఒక్కతే ముడతలతో సహా స్పష్టంగా ఉంది. అప్పటి నుంచి ఎన్ని తీసినా అంతే, చచ్చినవాళ్ళు నిలబడతారు, బతికున్నవాళ్ళు చెదిరిపోతారు.

పని మెల్లగా నాకే నేర్పాడు. మంచులో దీపం పక్క నుంచి రావాలి. మూత తీసే ముందు లెన్సు మీద పక్క నుంచి టార్చి కొట్టి తేమ ఉందా అని చూడాలి, ఉంటే ఇట్లాంటి మెత్తటి గుడ్డతోనే తుడవాలి. ఒక ప్లేటు తీశాక మళ్ళీ అంతా మొదటి నుంచి చూసుకుని రెండో ప్లేటు తీయాలి. ఈ మూడు పద్ధతుల్లో మొదటి రెండూ నాకు నచ్చాయి. మూడోదాని దగ్గర కొట్లాడేదాన్ని. నేను అగ్గిపుల్లను చీల్చి రెండుసార్లు వాడే మనిషిని. మొదటి ప్లేటే బాగుంటే రెండోది దండుగ కదా అనేదాన్ని. "నువ్వు చచ్చినంక నిన్ను సగం ప్లేటు మీద కూసోవెడ్త, ఖర్చు కలిసొస్తది" అనేవాడు. ఎందుకు రెండు అంటే మాత్రం ఒక్కసారే చెప్పాడు. "బతికున్నోళ్ళు మళ్ళ వస్తరు. వీళ్ళు మళ్ళ కూసోరు." ఆ మాట అప్పుడు నా చెవులకు చేరింది, అక్కడే ఆగింది.

నేను చేరిన నాలుగో చలికాలం. రాత్రి రెండో ఝాములో తలుపు తట్టారు. గఫూర్ సాబ్ దమ్ముతో పడుకోలేక గోడకు దిండు ఆనించుకుని కూర్చున్నాడు. ఆ వారం ఆయనకు తోడుగా నేనూ నా కూతురూ వెనక గదిలోనే ఉంటున్నాం. గడపలో తడిసిన గొంగడి కప్పుకున్న మనిషి నిలబడ్డాడు. కోటగిరి దగ్గర పల్లె నుంచి వచ్చాడు. అతని అక్క పేరు సాయవ్వ. సాయవ్వకు ఒక్కతే కూతురు, గంగామణి. మొదటి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టి పంతొమ్మిది రోజులు. మూడు రోజులు జ్వరం కాసి దీపాలవేళ పోయింది. బాలింత చనిపోతే పొద్దు పొడిచేదాకా ఇంట్లో ఉంచరు, తొలికోడికి ఎత్తాలని పెద్దలు పట్టుబట్టారు. బాలింత శవం దగ్గరికి మగవాళ్ళను రానివ్వరు, ఫోటో తీసే ఆడమనిషి బోధన్‌లో ఉందని విని వచ్చాడు. ఇదంతా చెప్పి చివరికి అన్నాడు: "పిల్ల పెద్దగయ్యి మా తల్లి ఎట్లుండె అని అడిగితే ఏం జూపియ్యాలె అంటుంది సాబ్, మా అక్క. గిదొక్కటే మాట వట్టుకొని కూసున్నది."

సాబ్ నా దిక్కు చూశాడు. ఊపిరి అందక మాట ముక్కలుగా వచ్చింది. "ఒక్కదానివే పోతవా?" తలూపాను. గర్వంగానే ఊపాను, దాచను. ఆయన లేచి చీకటి గదిలోకి పోయి రెండు ప్లేట్లు వెలుతురు తగలని చట్రాల్లో ఎక్కించి ఇచ్చాడు. "రొండూ వాడు. లెన్సు సూడు" అన్నాడు.

అంత మంచు మళ్ళీ నేను చూడలేదు. ఎడ్లకు దారి కనపడక ఆ మనిషి ముందు నడుస్తూ పగ్గం పట్టి లాగాడు. ఫ్యాక్టరీకి పోయే చెరుకుబండ్లు ఎక్కడో పక్కనే వరసగా ఆగి ఉన్నాయి, ఎడ్ల మెడగంటలు వినపడుతున్నాయి కానీ ఒక్క బండీ కనపడదు. కెమెరా పెట్టె బండిలో నా కాళ్ళ దగ్గర ఇనుములా చల్లబడింది.

సాయవ్వ వాకిట్లో గంగామణిని పరుపు మీద పడుకోబెట్టి ఉంచారు. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. నేను వేడినీళ్ళు అడిగి ముఖం కడిగాను. రవికె పాలతో తడిసి ఉంది. ఎవరూ చూడకుండా పొడి రవికె తొడిగి, పైన శాలువా కప్పాను. లోపల పసిపిల్ల ఏడుస్తుంటే ఎవరో మేకపాలలో గుడ్డ ముంచి నోట్లో పెడుతున్నారు. కుర్చీలో కట్టి కూర్చోబెట్టి, దీపం ముఖం దగ్గర పట్టించి, నల్లగుడ్డలో తలపెట్టి చూశాను. కెమెరా వెనక అద్దంలో తలకిందులుగా గంగామణి స్పష్టంగా ఉంది, నిద్రలో ఉన్నట్టు.

అప్పుడు సాయవ్వ లోపలికి పోయి పసిపిల్లను తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టబోయింది. ఇద్దరినీ కలిపి తీయమంది. పెద్దలు దూరం నుంచే అడ్డుపడ్డారు. శవం ఒళ్ళో బతికున్న పిల్లను పెడతారా, తల్లి తీసుకుపోతుంది అన్నారు. సాయవ్వ బతిమాలింది, తిట్టింది, మట్టిలో కూర్చుంది. అట్లా చాలాసేపు గడిచింది. ఈలోపు ముసురు పట్టింది. సాబ్ కెమెరా తడిస్తే ఎట్లా అని నాకు భయం. ఒక గొంగడి తీసుకుని, కెమెరాను కాళ్ళ మీది నుంచి దించి దానికింద పెట్టి, నేనూ లోపలికి దూరి, పసిపిల్లను కప్పుకున్నట్టు రొమ్ముకు ఆనించుకుని కూర్చున్నాను. కోడి కూసింది. పిల్లను లోపలికి తీసుకుపోయారు. "కానియ్యవమ్మా, తెల్లారితే మాకు పాపం" అని పెద్దలు కేకేశారు. గొంగడి తీసి, కెమెరాను మళ్ళీ కాళ్ళ మీద ముందటి చోటే నిలబెట్టాను. దీపం ఒక ఆడమనిషికిచ్చి పక్కకు పంపాను. మూత తీశాను. ఏక్, దో, తీన్. నలభై.

రెండో ప్లేటు కోసం చేయి పోయింది. కుర్చీ పట్టుకోవడానికి నలుగురు ఆడవాళ్ళు అప్పటికే వచ్చి నిలబడ్డారు. కదలని మనిషికి రెండు ప్లేట్లెందుకు అనుకున్నాను. ఇంకొకరికి పనికొస్తుందని పెట్టె మూసేశాను. టార్చి నా నడుం రొండిలోనే ఉంది, దాన్ని బయటికే తీయలేదు.

పొద్దెక్కాక స్టూడియో చేరి, ఒక ప్లేటు మిగిలిందని సాబ్‌కు చెప్పాను. ఆయన గోడ పట్టుకుని లేచాడు. చీకటి గదిలో ఎర్రదీపం కింద ప్లేటును మందు నీళ్ళలో వేశాడు. నేను పక్కన నిలబడి చూశాను. కుర్చీ ఉండాల్సిన చోట ఏదో ముద్ద లేచింది. దాని చుట్టూ పాలు ఒలికినట్టు మసక. ముఖం రాలేదు. ఎంతసేపు నీళ్ళు కదిపినా రాలేదు. వానలో కెమెరా ఎక్కడుందని అడిగాడు. చెప్పాను. "కెమెరా చల్లగుండె. గొంగడిల నీ ఊపిరి వేడి. లెన్సు చెమట వట్టింది" అన్నాడు. తరువాత చాలాసేపు దగ్గి, "కాపాడుదామనే జేసినవ్. రొండోది తీస్తే అన్న లెన్సు జూస్తుంటివి" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మిగిలిన ప్లేటును ఆయన పెట్టెలో నుంచి తీసి, నల్లకాగితంలో రెండు మడతలు చుట్టి, దారంతో కట్టి నా చేతిలో పెట్టాడు. "గిది మిగల్లేదు బేటీ. గిది ఆ పిల్లది. నువ్వు దాయి." పెన్సిలుతో ముఖం గీసి ఇవ్వమని ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన చేతిలో ఆ విద్య ఉంది. ఒప్పుకోలేదు. "గీస్తే నేను గీసిన మొఖమైతది. దాని తల్లిదైతదా?"

కర్మలు అయిన మర్నాడు సాయవ్వ పసిపిల్లను కొంగులో కట్టుకుని వచ్చింది. నువ్వే మాట్లాడు అని సాబ్ తెర వెనక్కి పోయాడు. ఆ ప్లేటు నుంచి దించిన తెల్లటి ఫోటో కాగితం ఆమె చేతిలో పెట్టాను. ఆమె జన్మలో ఫోటో చేత్తో పట్టుకోలేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. కిటికీ దగ్గరికి పోయి చూసింది.

"మొఖం ఏ దిక్కున్నది బిడ్డా? నా కండ్లకు ఆనుతలేదు."

చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. నా వేలు మాత్రం కాగితం మీద మసకగా ఉన్న ఒక మూలను చూపింది. "గీడ అవ్వా." సాయవ్వ ఆ మూలను కళ్ళకద్దుకుంది. పసిపిల్ల ముఖం ముందు పెట్టి, "సూడు, మీ తల్లి" అంది. నన్ను దీవించి బస్టాండు వైపు వెళ్ళింది.

తెర వెనక దగ్గు ఆగింది. సాబ్ బయటికి వచ్చి వాము మూట ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. నా ముఖం చూడకుండా అన్నాడు: "ముసలామెకు కండ్లు లెవ్వు. పిల్లకు వస్తయి. బడికి పోతది. ఒకనాడు ఆ కాయితం తీసి జూస్తది. అప్పుడు నువ్వు ఏడుంటవో, నీ వేలు ఏడుంటదో."

చెప్పులు లేకుండా పరుగెత్తాను. కోటగిరి బస్సు ఇంకా కదలలేదు. కిటికీ పక్కన కూర్చున్న సాయవ్వను కిందికి దింపి, గోడ పక్కకు తీసుకుపోయి చెప్పాను. అందులో ముఖం లేదని, తప్పు నాదని, ఇంకో ప్లేటు ఉండి కూడా తీయలేదని. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. కాగితాన్ని మళ్ళీ తెరిచి నేను వేలు పెట్టిన చోటు చూసింది. "మళ్ళ కూసోవెట్టలేం గద" అంది. సాబ్ మాటే. ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమెకు తెలుసు.

బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. సాయవ్వ నా మణికట్టు పట్టుకుంది. "మొఖం కడిగింది నువ్వే. ఆఖరికి దగ్గరికెళ్లి జూసింది నువ్వే. నేను ఎన్నొద్దులుంట? పిల్ల అడిగితే నువ్వు జెప్పాలె." పిల్ల పేరేమిటని అడిగాను. ఇంకా పెట్టలేదంది. కాగితం కొంగులో ముడేసుకునే బస్సెక్కింది.

ఆ తరువాత సాబ్ నన్ను పని నుంచి తీసేస్తాడనుకున్నాను. కానీ చావు కబురు వచ్చిన ప్రతిసారీ నన్ను ఒక్కదాన్నే పంపాడు. నేను వెళ్ళనంటే, "ఇంట్ల కూసుంటే ఆ తప్పు నీ కడుపుల గుడ్లు వెడ్తది. పో, రొండు ప్లేట్లు తీయి" అన్నాడు. తీశాను. ఆయన ఉన్నన్నాళ్ళూ, ఎముకలు కొరికే చలిలో, ముసురులో, పెద్దలు ఎంత తొందరపెట్టినా టార్చి కొట్టి చూసి, రెండోది తీశాకే కుర్చీ వదిలాను. ఒకసారి ప్లేట్లు దొరకక పని ఆగితే ఆ నల్లకాగితంలోది వాడదామా అని అడిగాను. సాబ్ నన్ను చూసిన చూపు ఇంకా నా వీపు మీద ఉంది.

మూడేళ్ళకు కోటగిరి వైపు పని పడితే ఆ పల్లెకు వెళ్ళాను. సాయవ్వ అంతకుముందు ఎండాకాలమే పోయిందట. పసిపిల్ల తండ్రి వచ్చి మంజీర అవతలికి, మరాఠీ దేశానికి తీసుకుపోయాడట. ఏ ఊరో ఎవరికీ తెలియదు. పేరు ఏం పెట్టాడో కూడా తెలియదు. ఆ కబురు చెబితే సాబ్ వాము మూట పక్కన పెట్టాడు. "అయితే నువ్వు మర్సిపోకు" అన్నాడు. డెబ్బైల మధ్యలో ఒక చలికాలం తెల్లవారుజామున ఆయన ఊపిరి ఆగింది. వాళ్ళ మతంలో పోయినవాళ్ళకు ఫోటో తీయరు. తీయమన్నా నాకు చేయి ఆడేది కాదు. కొడుకులు హైదరాబాద్ నుంచి వచ్చి సామాను అమ్ముకున్నారు. ఏదైనా తీసుకో అంటే లెన్సు తుడిచే గుడ్డ అడిగాను. అది చిరిగిపోయాక అలాంటిదే మరోటి, అది చిరిగాక మరోటి, బొడ్లో లేకుండా నేను లేను.

నల్లకాగితం పొట్లం నా ట్రంకు పెట్టెలో చీరల అడుగున ఉంది. మనవరాలు ఒకసారి విప్పబోతే చేతి మీద కొట్టాను. అందులో ఏముందని అడిగింది. ఏమీ లేదన్నాను. వెలుతురు తగిలితే ఆ ఏమీ లేనిది కూడా పోతుంది. ఏ వస్తువునూ దండుగగా ఉంచని నేను అరవై ఏళ్ళుగా దాన్ని ఉంచాను. పని చేయదు, ఎవరికీ పనికిరాదు. అది నాది కాదు కనుక పారేయలేను.

గంగామణి పిల్ల వచ్చి అడిగితే చెబుదామని ఇన్నాళ్ళూ చూశాను. ఇప్పుడు ఆమెకూ అరవై దాటి ఉంటాయి. నా కళ్ళకు శుక్లాలు వచ్చాయి. అందుకని ఇక్కడ పెడుతున్నాను, ఎవరి చేతుల మీదుగానైనా చేరుతుందేమో.

మీ అమ్మ చామనఛాయ. నుదురు చిన్నది. నుదుటి మీద వెంట్రుకలు ఉంగరాలు తిరిగి ఉండేవి, నేను నూనె రాసి ఎంత దువ్వినా మళ్ళీ లేచాయి. కుడి కనుబొమ్మ మధ్యలో చిన్న గాటు, అక్కడ వెంట్రుకలు మొలవలేదు. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు, నడిమిది కొంచెం కిందికి జారింది. ఎడమ చెవి తమ్మె ఎప్పుడో తెగి అతుక్కుంది. పై పెదవి కాస్త పైకి లేచి ఒక పంటి అంచు కనపడుతుంది, ఏదో చెప్పబోయి ఆగినట్టు. నేను ముఖం కడుగుతుంటే నువ్వు లోపల ఏడుస్తున్నావు.